రెండు సెలైన్ సీసాల నీళ్లు

అటక మీంచి సంచి దించగానే ముందు దుమ్ము, ఆ వెనకే వాసన. బీకాంప్లెక్స్ మాత్రల వాసన. మందుల లైన్లో పనిచేసిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్పాలంటే, పులిసిన పిండినీ కొత్త రబ్బరు చెప్పుల్నీ ఒకే గదిలో పెట్టి తలుపేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇరవై ఏళ్ళ పైనే అయింది ఆ సంచిలో మాత్రలు పెట్టి. తోలు పగిలిపోయింది, జిప్పు రాదు, వాసన మాత్రం పోలేదు. మా ఆవిడ గుమ్మంలోంచే ముక్కు మూసుకుని, "అదే వాసన, మీ చొక్కాల వాసన" అంది.

దాన్ని దించడానికి కారణం పొద్దున వచ్చిన ఫోను. కోనసీమ నుంచి. "బాబాయి గారూ, నాన్నగారు రాత్రి పోయారండీ" అన్నాడు అవతలి కుర్రాడు. కుర్రాడంటున్నాను గానీ అతనికీ యాభై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్నగారు ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా చేసేవారు. ఆయన నాకు రాసిన ఉత్తరం ఒకటి ఈ సంచి లోపలి అరలో ఉండాలి. దానికోసమే దించాను.

* * *

నా మొదటి ఉద్యోగం మెడికల్ రిప్రజెంటేటివ్. కాకినాడ హెడ్‌క్వార్టర్. నెలలో సగం రోజులు కాకినాడలో పడుకున్నది లేదు. ముందు నెలే టూర్ ప్రోగ్రాం రాసి పంపాలి. సోమవారం రామచంద్రపురం, మండపేట. మంగళవారం పిఠాపురం, తుని. బుధ, గురువారాలు కోనసీమ. ఆ రెండు రోజుల కోసం మిగతా వారమంతా ఎదురుచూసేవాణ్ణి.

అప్పటికి యానాం దగ్గర వారధి లేదు. కాకినాడలో ఎర్రబస్సెక్కి యానాంలో దిగి, రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే ఎదుర్లంక. అక్కణ్ణించి మళ్ళీ బస్సు, అమలాపురం దాకా. పంటు మీద సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, చేపల గంపలు, పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్న వాళ్ళు, నేను. ఇంజను మొదలవగానే కాళ్ళ కింద చెక్కలు గడగడలాడేవి. నది మధ్యకి వచ్చాక అందరూ కాసేపు మాట్లాడ్డం మానేసేవారు. ఎందుకో తెలీదు, ప్రతిసారీ అలాగే జరిగేది. రేవు బురదకి బూట్లు పాడవకుండా విప్పి చేత్తో పట్టుకుని దిగేవాణ్ణి. టై సంచిలోనే. డాక్టరు గారి వీధి మలుపులో కిళ్ళీ కొట్టు అద్దం ముందు కట్టుకునేవాణ్ణి. ఆ కొట్టాయన అద్దం నా వైపు తిప్పి పెట్టేవాడు, నేను అడక్కుండానే.

రోజుకి పదిమంది డాక్టర్లు, అయిదు మందుల షాపులు. ఇది మా కంపెనీ లెక్క. రాత్రి లాడ్జికి చేరాక డైలీ రిపోర్టు రాయాలి. మధ్యలో కార్బన్లు పెట్టి మూడు కాపీలు. ఒకటి బొంబాయి ఆఫీసుకి, ఒకటి మేనేజరుకి, మూడోది నాకు. ఆ మూడో కాపీ మీద అక్షరాలు నీలంగా, మసగ్గా, పొగలో కనిపించినట్టు ఉండేవి. వెనకవైపు మాత్రం తెల్లగా, ఖాళీగా ఉండేది. నా కథలన్నీ మొదట ఆ వెనకవైపు పుట్టినవే.

* * *

ఈ ఉద్యోగంలో ఎక్కువభాగం తిరగడం అనుకుంటారు చాలామంది. కాదు, కూర్చోవడం. డాక్టరు గారికి రోగులు ముందు, రిప్రజెంటేటివులు ఆఖరు. అది న్యాయమే. సాయంత్రం ఆరింటికి వెళ్తే ఎనిమిదిన్నరకో తొమ్మిదికో పిలుపొచ్చేది. లోపలికెళ్ళాక నిలబడి ఒక్క నిమిషం, మంచి రోజైతే రెండు. మిగతా రెండున్నర గంటలూ వరండాలో చెక్కబల్ల మీద, రోగుల మధ్య.

"మీకేం జబ్బు బాబూ?" అని అడగనివాళ్ళు లేరు.

"నాకేం లేదండి, కంపెనీ తరఫున వచ్చాను" అంటే ఊరుకునేవారు కాదు. కంపెనీ మనిషంటే మందుల సంగతులన్నీ తెలిసినవాడని వాళ్ళ నమ్మకం. చీటీ చూపించేవారు. చీటీతోపాటు సంసారం కూడా చూపించేవారు. కొడుకు దుబాయి వెళ్ళి ఉత్తరం రాయని తల్లి, దగ్గుని కోడలికి వినిపించకుండా దాచుకునే మామగారు, భర్త బల్లకి ఆ చివర కూర్చుంటే, మూడో ఆడపిల్లని ఎత్తుకుని తను ఈ చివర కూర్చున్న అమ్మాయి. నేనేమీ అడిగేవాణ్ణి కాదు. బల్ల మీద పక్కన కూర్చున్నవాడికి చెప్పుకోవడం మనవాళ్ళకి అలవాటు.

ఆ కోనసీమ ఊరి పేరు రాయను. అక్కడి కాంపౌండరు గారు మొదట్లో నాతో మాట్లాడేవారు కాదు. పొట్టి మనిషి, తెల్లపంచె, పొట్టి చేతుల చొక్కా, చెవి మీద పెన్సిలు. వరండాకీ డాక్టరు గారి గదికీ మధ్య ఒక చిన్న గది ఆయనది. గోడకి ఒక కిటికీ, ఆ కిటికీలోంచే మందిచ్చేవారు. లోపల పెద్ద జాడీల్లో ఎర్ర మందు, తెల్ల మందు, వాము వాసనొచ్చే అరుగుదల మందు. అప్పటికే పట్నాల్లో అన్నీ రెడీమేడ్ సిరప్పులు, స్ట్రిప్పులు వచ్చేశాయి. ఈయన మాత్రం ఇంకా కలిపే కాలంలోనే ఉన్నారు.

బల్ల చివర కూర్చుంటే కిటికీలోంచి ఆయన చేతులు కనిపించేవి. తెల్లకాగితం సన్నగా పొడుగ్గా కత్తిరించి, మడిచి, మళ్ళీ మడిచి, అంచున కత్తెరతో ఒక్క గాటు పెట్టేవారు. విప్పితే కాగితం పొడుగునా సమానంగా ఆరు గాట్లో ఎనిమిది గాట్లో వచ్చేవి. దానికి మైదా జిగురు రాసి సీసాకి నిలువుగా అంటించేవారు. ఒక గాటు ఒక మోతాదు. చదువు రానివాళ్ళు కూడా వేలితో గాటు తడిమి తెలుసుకునేవారు. అంటించాక బొటనవేలితో ఒకసారి పైనుంచి కిందికి రాసేవారు, బిడ్డ వీపు నిమిరినట్టు.

రోజుకి మూడుసార్లు అని ఆయన ఎవరికీ చెప్పగా వినలేదు. కూలికెళ్ళే ఆవిడకి, "పొయ్యి రాజేశాక ఒక గాటు, పొలం నుంచొచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఒక గాటు, పిల్లల్ని పడుకోబెట్టాక ఒక గాటు" అనేవారు. చేపలవాళ్ళకి పోటూ పాటూ పేరు చెప్పి లెక్క కట్టేవారు. బళ్ళో మేష్టారికి, "మొదటి గంట, మధ్యాహ్నం గంట, ఇంటికి గంట". ఎవరి రోజు వాళ్ళకి అప్పజెప్పి మందిచ్చేవారు. నేను అవన్నీ మూడో కాపీ వెనక రాసుకునేవాణ్ణి. ఎందుకు రాసుకుంటున్నానో అప్పుడు తెలీదు.

ఒకరోజు ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "రోజూ ఏం రాస్తారండీ అలాగ? మా మీద కంపెనీకి రిపోర్టా?" అన్నారు. కాగితం తిప్పి చూపించాను. నిలబడే చదివారు. చివరిదాకా చదివి, "గంటలు మూడు కాదండీ, రెండో బెల్లు కూడా ఉంది మా బళ్ళో" అని తిరిగిచ్చేశారు. ఆ రోజు నుంచి నాకు లోపల స్టూలు వేశారు.

* * *

అమలాపురంలో బస్టాండు పక్క లాడ్జి. నలభై క్యాండిల్ బల్బు. పొద్దున ఏదైనా పని అంబాజీపేట వైపు పడితే పనసాకుల బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి చట్నీ. ఆ రుచి ఇప్పుడు హైదరాబాదులో ఆర్డరిస్తే ఇంటికొస్తోందట, నేను తెప్పించలేదు.

రాత్రి పదకొండింటికి రిపోర్టు అయిపోయేది. అప్పుడు నా పని మొదలు. పత్రికల వాళ్ళ నియమాలన్నీ నాకు కంఠతా వచ్చు. కాగితానికి ఒకవైపే రాయాలి. మార్జిను వదలాలి. తిరుగు టపాకి స్టాంపులంటించి అడ్రసు రాసిన కవరు జతచేయాలి. ఇది నా స్వంత రచన, అనువాదం గాని అనుకరణ గాని కాదు, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు అని హామీపత్రం పెట్టాలి. వెనకవైపు రాసింది పంపడానికి లేదు కాబట్టి మళ్ళీ తెల్లకాగితాల మీద ఫెయిర్ చేసేవాణ్ణి. చేతి మీది కార్బను మరకలు తెల్లకాగితానికి అంటేవి. నా చేత్తో అడ్రసు రాసుకున్న కవరు నాకే తిరిగొచ్చేది. కాకినాడ గదిలో తలుపు కింద ఆ కవరు కనిపించగానే అది ఏ కథో బరువుని బట్టి తెలిసిపోయేది.

ఏడోది కాబోలు, తిరిగి రాలేదు. రెండు నెలలకి వారపత్రికలో వచ్చింది. పేరు నాది కాదు. అపాయింట్‌మెంట్ ఆర్డరులో ఒక షరతు ఉండేది, అనుమతి లేకుండా వేరే ఏ వ్యాపకమూ పెట్టుకోకూడదని. అందుకని మా అమ్మ పుట్టింటి పేరు తీసుకుని రాసేవాణ్ణి. పారితోషికం డెబ్బై అయిదు రూపాయలు మనియార్డరు వచ్చింది. ఆ డబ్బు ఎలా ఖర్చయిందో గుర్తులేదు. కూపను మాత్రం చాలాకాలం పర్సులో ఉంది.

పట్టుబడటం కూడా ఆ కథతోనే. మా ఏరియా మేనేజరు జాయింట్ వర్కుకి, అంటే నాతోపాటు తిరిగి పని చూడ్డానికి, వచ్చాడు. ఆయనతో రెండు రోజులంటే గొంతు ఎండిపోయేది నాకు. మండపేట బస్సులో పక్కసీటు మీద ఎవరో వదిలేసిన వారపత్రిక తీసి తిరగేయడం మొదలుపెట్టాడు. ఆ సంచికే. ఆ కథ దగ్గరే ఆగాడు. చెక్కబల్ల, కిటికీలోంచి కనిపించే చేతులు, తొమ్మిదింటికి పిలుపొచ్చే రిప్రజెంటేటివు అన్నీ ఉన్నాయి అందులో. నేను కిటికీ బయట కాలవ వైపు చూస్తూ కూర్చున్నాను. అరగంట. టెన్షన్‌తో టికెట్టు నలిపి నలిపి పొడి చేసేశాను. ఆయన పుస్తకం మూసి, మడిచి, నా ఒళ్ళో పెట్టాడు. బస్సు దిగేదాకా మాట్లాడలేదు. దిగాక సంచి భుజాన వేసుకుంటూ, "ఆ ముసలమ్మకి తర్వాత ఏమైందయ్యా?" అన్నాడు.

చెప్పాను. కంపెనీకి ఆయనెప్పుడూ చెప్పలేదు.

* * *

1986 ఆగస్టు గోదావరి వరద. మా తరంవాళ్ళెవరూ మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందని రేడియోలో చెప్పారు. ఆ సంఖ్య వింటే ఏం అర్థమవుతుంది? గట్టు మీద నిలబడితే అర్థమైంది. అవతలి ఒడ్డు లేదు. కొబ్బరిచెట్ల తలలు నీళ్ళమీద పచ్చగా, బొకేల్లా పెట్టినట్టున్నాయి. గట్లు తెగాయి, లంకలు మునిగాయి, పంటు ఆగిపోయింది. నేను కోనసీమలోనే చిక్కుకుపోయాను.

నీళ్ళు తగ్గడం మొదలయ్యాక వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. హైస్కూల్లో శిబిరం. డాక్టరు గారు, కాంపౌండరు గారు రాత్రింబవళ్ళూ అక్కడే. మా కంపెనీకి ఓ.ఆర్.ఎస్. పొడి ఉండేది. అమలాపురం స్టాకిస్టు దగ్గరున్న పొట్లాలన్నీ ఎత్తించి తెచ్చాను. ఒక్కో పొట్లం 27.9 గ్రాములు. ఉప్పు మూడున్నర గ్రాములు, గ్లూకోజు ఇరవై, సిట్రేటు, పొటాషియం. లీటరు నీళ్ళలో కలపాలి. నీళ్ళు తగ్గితే ఉప్పెక్కువై పసిబిడ్డకి ప్రమాదం, ఎక్కువైతే పని చెయ్యదు. డాక్టర్ల ముందు నేను గడగడా చెప్పే పాఠమే ఇది.

పొట్లాలతో బొంబాయి నుంచి వచ్చిన తెలుగు కరపత్రాలు కూడా ఉన్నాయి. మంచి కాగితం, రంగు బొమ్మ. "ఈ పొట్లములోని చూర్ణమును ఒక లీటరు పరిశుద్ధ జలమునందు సంపూర్ణముగా కరగించి" అని మొదలయ్యేది. పంచిపెట్టాను. పంచిపెట్టి, నా పని అయిందనుకున్నాను.

ఆ సాయంత్రం కాంపౌండరు గారు ఒక తరగతి గదిలోకి పిలిచారు. బెంచీ మీద మూడు గ్లాసులున్నాయి. ఒకటి ఇత్తడిది, ఒకటి స్టీలుది, ఒకటి గాజుది. "లీటరంటే ఎంత అని అడుగుతున్నారండీ. అయిదు గ్లాసులని చెప్పాను. ఇదుగో, ఇవీ వాళ్ళ గ్లాసులు" అన్నారు. ఔన్సు గ్లాసుతో కొలిచి ఒక్కోదాంట్లో నీళ్ళు పోశారు. ఒకటి నూట యాభై మిల్లీలీటర్లకే నిండిపోయింది. ఒకటి రెండు వందలు. ఇత్తడిది మూడు వందలు పట్టింది. మేమిద్దరం ఆ గ్లాసుల వైపు చూస్తూ నిలబడ్డాం. పక్కగదిలో ఎవరి బిడ్డో ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది.

ఆయన బయటికెళ్ళి ఖాళీ సెలైన్ సీసా ఒకటి పట్టుకొచ్చారు. అప్పట్లో సెలైను గాజు సీసాల్లో వచ్చేది, 540 మిల్లీలీటర్లు. పక్కన గీతలుండేవి. ఆ శిబిరంలో గుట్టలుగా పడున్నాయి. మామూలు రోజుల్లో కూడా ఒకసారి ఆసుపత్రికి వెళ్ళొచ్చిన ప్రతి ఇంట్లో ఆ సీసా ఒకటుండేది, కిరసనాయిలుకో నూనెకో. "ఇది అందరికీ ఒకటే కదండీ" అన్నారు. అయిదు వందల గీత దగ్గర గోరు పెట్టి చూపించారు. "ఈ గీత దాకా రెండు."

ఆ రాత్రి మండలాఫీసులో సైక్లోస్టైల్ మిషను మీద చీటీలు తీశాం. స్టెన్సిలు నేను గీశాను. మాటలు ఆయన చెప్పారు. ఇప్పటికీ నాకు అప్పజెప్పినట్టు వచ్చు.

"పొట్లం మొత్తం పొయ్యండి. సెలైన్ సీసాతో, గీత దాకా, రెండు సీసాల నీళ్లు. కాచి చల్లార్చినవి. సీసా మరిగే నీళ్ళతో కడగండి. విరోచనం అయినప్పుడల్లా చెంచాతో పట్టండి. కక్కితే కంగారు పడకండి, పది నిమిషాలాగి మళ్ళీ పట్టండి. ఇవాళ కలిపింది రేపు పారబొయ్యండి."

"విరోచనం కాదండీ, విరేచనం" అన్నాను స్టెన్సిలు గీస్తూ.

"వాళ్ళు ఎలా అంటారో అలా రాయండి" అన్నారు.

శుభ్రంగా కడిగిన సీసాలు రెండేసి, పొట్లాలు, చీటీ కలిపి ఇచ్చాం. గది గదికీ వెళ్ళి ఆయనే ఒకసారి చదివి వినిపించేవారు. తల్లులు తిరిగి అప్పజెప్పాక గానీ కదిలేవారు కాదు. మూడోరోజుకి, ఆ మూలిగిన బిడ్డ వాళ్ళమ్మ కొంగు పట్టుకుని లాగుతూ కనిపించింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

* * *

ఒక చీటీ నా డైలీ రిపోర్టుకి పిన్ను పెట్టి బొంబాయి పంపాను. మొదట మెమో వచ్చింది, అనుమతి లేని ప్రచార సామగ్రి పంచినందుకు సంజాయిషీ ఇమ్మని. ఇచ్చాను. ఏడాది తిరక్కుండానే ఇంకో ఉత్తరం వచ్చింది, మార్కెటింగ్ డిపార్టుమెంటులోకి రమ్మని. ఎవరో పైవాళ్ళు ఆ చీటీని ఎవరి చేతో చదివించుకున్నారట.

బొంబాయి ఏళ్ళ గురించి చెప్పడానికి చాలా ఉంది గానీ ఇక్కడ అంత అక్కర్లేదు. అప్పుడు మన దేశంలో మందుకి పేటెంటు లేదు, 1970 చట్టం ప్రకారం తయారీ పద్ధతికే. కాబట్టి ఒకే మందుని ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్మేవి. మందు ఒకటే అయినప్పుడు మిగిలేది పేరు, పేరు పక్కన నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు రాయడమే నా ఉద్యోగం. డాక్టరు ఇచ్చే ఒక్క నిమిషంలో రిప్రజెంటేటివు తిప్పి చూపించే విజువల్ ఎయిడ్ అనే బొమ్మల పుస్తకంలో ప్రతి పేజీకీ వాక్యాలు కట్టేవాణ్ణి. మీటింగులో అందరూ బొమ్మ గురించీ రంగు గురించీ మాట్లాడేవారు. నాకు మాత్రం ఏ పేజీ చూసినా బెంచీ మీద మూడు గ్లాసులు కనిపించేవి. "ఇది చదివినాయన ఎవరికి ఏమని చెప్తాడు?" అని అడిగేవాణ్ణి. అడిగి అడిగి ఆ ప్రశ్నకే పేరుపడ్డాను. ప్రమోషన్లు వచ్చాయి. టీములు పెరిగాయి. మంచి పనే చేశామని నమ్ముతాను, ముఖ్యంగా ఆ పొడి విషయంలో. కరపత్రాలు ఎనిమిది భాషల్లో వేశాం. ఏ భాషకి ఆ భాష మనిషి చేతే, ఆ ఊరి కొలతతో రాయించాం.

తెలుగు మాత్రం చేజారిపోతున్నట్టు ఉండేది. ఆదివారాలు దాదర్‌లో ఆంధ్ర మహాసభ వైపు వెళ్ళేవాణ్ణి, తెలుగు వినపడితే చాలని. వర్లీలో మన కరీంనగర్, నల్గొండ వైపు పద్మశాలీలు ఉండేవారు. 1982 సమ్మె తర్వాత మిల్లులు మూతబడి, పనిలేక మెట్లమీద కూర్చునేవారు. వాళ్ళ పక్కన కూర్చుంటే మళ్ళీ ఆ చెక్కబల్ల మీదున్నట్టుండేది. కథలు బోరివిలీ లోకల్లో రాసేవాణ్ణి, ఒళ్ళో ఫైలు పెట్టుకుని.

వరద కథ అక్కడే రాశాను. ఎన్నో ఏళ్ళు లోపలున్న కథ. గ్లాసులు, సీసా, గోరు పెట్టిన గీత అన్నీ వచ్చాయి. ఒక్కచోట మాత్రం ఒక మార్పు చేశాను. కథలో కాంపౌండరు ఒక తల్లికి చెప్పే మాట, "మూడు సీసాల నీళ్లమ్మా". రెండు అని రాస్తే వాక్యం గబుక్కున ఆగిపోతున్నట్టు అనిపించింది. మూడు అంటే ఊపు వచ్చింది. గీత దాకా అన్నది తీసేశాను, బరువుగా ఉందని. కరపత్రం కాదు కదా, కథ కదా అనుకున్నాను. తెలిసే మార్చాను.

* * *

పత్రికలో వచ్చాక ఆ కథా, మరో పదిహేడూ కలిపి సొంత డబ్బుతో పుస్తకం వేశాను. వెయ్యి కాపీలు. ఈసారి నా అసలు పేరుతోనే. దేశమంతా సరుకు కదిలించిన వాణ్ణి, వెయ్యి పుస్తకాలు ఎంతసేపనుకున్నాను. విజయవాడ పుస్తకాల పండగలో ఒక మిత్రుడి స్టాలులో మూల మీద పేర్చుకుని పదిరోజులు నిలబడ్డాను. పుస్తకం తీసి, వెనక అట్ట చదివి, జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి వెళ్ళేవారు జనం. వాళ్ళ చేతుల వైపు చూస్తూ నిలబడటం చాలా కష్టం. గ్రంథాలయ సంస్థ వాళ్ళు కొన్ని తీసుకున్నారు. మిగతావి ఇచ్చినవి ఇచ్చాను, మంచం కింద ఉన్నవి ఉన్నాయి.

కాంపౌండరు గారికి ఒక కాపీ పోస్టులో పంపాను. పదిహేను రోజులకి ఉత్తరం వచ్చింది. ఇన్‌లాండ్ లెటరు. ఆ ఫోను వచ్చిన రోజు సంచి లోపలి అరలో దొరికింది అదే. మడతల దగ్గర చిరుగుతోంది. సీసాల మీద చీటీలు రాసిన చెయ్యి, అక్షరాలు విడివిడిగా, గుండ్రంగా.

"బాబూ, పుస్తకం అందింది. మా ఇంట్లో అందరి చేతా చదివించాను. చాలా బాగుంది. డాక్టరు గారికి కూడా చూపించాను, సంతోషించారు. 43వ పేజీలో మూడు సీసాలు అని పడింది. రెండు. కథే గదా అని మీరు అనుకోవచ్చు. ఇక్కడ చదివేవాళ్ళకి మీరు కథలు రాస్తారని తెలీదు. మందుల కంపెనీ ఆయన అని తెలుసు. ఆ పేజీ చూసి కలుపుకుంటారు. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు దిద్దించగలరు. పిల్లలు కులాసా అని తలుస్తాను."

చదివిన రోజు నాకు కోపం వచ్చింది. పద్దెనిమిది కథలు రాస్తే ఈయనకి కనిపించింది ఒక అంకెనా అని. జవాబు రాయలేదు. కోపం పోయాక సిగ్గేసింది, అప్పుడూ రాయలేదు. మళ్ళీ అచ్చు వేసే సందర్భం రాలేదు. మధ్యలో ఒకసారి ఫోనులో మాట్లాడాం. ఆయనా ఆ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పొడి ఫార్ములాలో ఉప్పు, గ్లూకోజు తగ్గించింది. పొట్లం 20.5 గ్రాములకి దిగింది. నీళ్ళు మాత్రం అదే లీటరు. ఆ సర్క్యులర్ నా టేబులు మీదకి వచ్చిన రోజున ఆయనకి రాయాలని కాగితం తీసి, బాబాయి గారూ అని రాసి ఆపేశాను.

* * *

పెద్దకర్మకి వెళ్ళాను. యానాం దగ్గర కారు వారధి ఎక్కింది, ఏసీ గొణుగుతుండగా రెండు నిమిషాల్లో దిగిపోయింది. డ్రైవరుని ఆపమని ఎదుర్లంక రేవు వైపు చూశాను. ఒడ్డున ఒక పడవ బోర్లించి ఉంది.

డాక్టరు గారి ఇంటి స్థలంలో ఇప్పుడు మూడంతస్తుల షాపులు. భోజనాలయ్యాక వాళ్ళబ్బాయి, "బాబాయి గారూ, ఒకచోటికి తీసుకెళ్తాను రండి" అని బండెక్కించాడు. శాఖా గ్రంథాలయం. పెంకుల వరండా, దినపత్రికల మీద వంగిన నలుగురైదుగురు ముసలివాళ్ళు. లోపల బీరువాలో తెలుగు కథల వరసలోంచి నా పుస్తకం తీశాడు. వెతుక్కోలేదు, ఎక్కడుందో తెలుసు. అట్ట మీద ముచ్చటగా గోధుమరంగు కాగితం వేసి కుట్టారు. వెనక చీటీలో తేదీ ముద్రలు పదకొండు. లెక్కపెట్టాను.

"ఇక్కడొకటే కాదండీ. సంస్థవాళ్ళు ఎక్కడెక్కడికి పంపారో కనుక్కుని నాలుగూళ్ళకి సైకిలు మీద వెళ్ళారు నాన్నగారు. పుస్తకాలు పాడుచేస్తున్నాడని ఒకచోట గొడవ కూడా పెట్టుకున్నారు" అన్నాడు.

43వ పేజీ తెరిచాను. "మూడు" మీద స్కేలు పెట్టి కొట్టేసిన సన్నటి నీలం గీత. దాని పైన "రెండు". మార్జినులో బాణం గుర్తు వేసి, సీసాల మీది చీటీల అక్షరాలతో, "గీత దాకా".

నేను తీసేసిన మాట అది.